మూల వదిలేసి కట్టిన ఇల్లు

మట్టి పరీక్షలు చేసే ఇంజినీరు కాబట్టి ఇంటా బయటా ఆమెను మట్టక్క అనేవాళ్లు. ఎవరు కట్టడం తలపెట్టినా ముందు ఆమె వచ్చి బోరు వేయించి, కింద ఏ మట్టి ఉందో, పునాది ఎంత లోతుకు దించాలో చెప్పేది. ఆమె మాట విని ఎవరి ముఖం మాడినా పెద్దగా పట్టించుకునేది కాదు. సొంత అన్నయ్య స్థలం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెకు నిద్ర కరువైంది.

అన్నయ్య దర్జీ. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చి, భార్యతో, కుట్టుమిషన్లతో సహా చెల్లెలి రెండు గదుల్లోకి వచ్చి పడ్డాడు. వానలు మొదలయ్యేలోగా గోడలు లేపేయాలని అతని తొందర. తీరా వంటగది రావాల్సిన మూలలో బోరు వేస్తే గొట్టం అడ్డూ ఆపూ లేకుండా దిగిపోయింది. పైకొచ్చిన మట్టిలో ఇటుక ముక్కలు, గాజు పెంకులు, కుళ్లిన గుడ్డపీలికలు. ఎప్పుడో ఎవరో పెద్ద గొయ్యిని చెత్తతో పూడ్చేశారు.

"ఇక్కడ పునాది వేయడానికి వీల్లేదు అన్నయ్యా. బరువు పడితే కుంగిపోతుంది."

"ఊరందరి ఇళ్లూ లేస్తాయి. నా దగ్గరికొచ్చేసరికి అడ్డుపుల్ల వేస్తావా?" అని అన్నయ్య మూతి ముడుచుకున్నాడు. ఆ పూట అన్నం కూడా మిషను దగ్గరే కూర్చుని తిన్నాడు.

ఆమె భయం వేరే. గొయ్యి స్థలమంతా పాకి ఉంటే? గట్టి నేల తగిలేదాకా కాంక్రీటు స్తంభాలు దించాలి. అది అన్నయ్య తాహతుకు మించిన పని.

మర్నాడు కొంచెం పక్కకు జరిగి బోరు వేయించింది. మళ్లీ గుడ్డపీలికలే. ఇంకొంచెం ఇవతల వేయిస్తే గొట్టం ఠంగుమని ఆగింది. ఎర్రటి గరుసు, గోటితో గీకినా రాలనంత గట్టిది. అక్కడి నుంచి స్థలం చివరిదాకా ఎక్కడ చూసినా అదే. ఆమె ఆ మట్టికుప్ప మీదే కూర్చుని, అన్నయ్యకు ఫోను చేసింది.

"ఇంటిని ఇవతలికి జరుపు అన్నయ్యా. గరుసులోకి దించితే మామూలు పునాదులే సరిపోతాయి. ఆ మూల మాత్రం వదిలెయ్."

"పిచ్చిదానా, ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా?"

"నిన్న నాకు మాత్రం ఏం తెలుసు?"

"వంటింటి పక్కన పెరడొస్తుందన్నమాట," అంది వదిన వెనక నుంచి. "ఇంకేం, పునాదికి పోసిన ముగ్గు చెరిపేసి మళ్లీ పోయించండి."

ఇల్లు లేచింది. గృహప్రవేశమైన ఏడాదే ఒక రాత్రి వాన కుండపోతగా కురిసింది. పొద్దున్నే అన్నయ్య ఫోను చేసి, "ఒకసారి రా" అని మాత్రం అన్నాడు. ఆమె చెప్పులేసుకుని పరుగెత్తింది.

పెరట్లో ఆ మూల నడుములోతు కుంగి, నీళ్లతో నిండి ఉంది. ఆమె నీటి వైపు చూడనైనా చూడకుండా ఇంటి చుట్టూ తిరిగింది, గోడలు తడిమింది, తలుపులన్నీ తీసి వేసి చూసింది. ఏ తలుపూ బిగుసుకుపోలేదు. ఎక్కడా వెంట్రుకంత బీట లేదు.

"మొదట అనుకున్నట్టు కట్టుంటే నా పొయ్యి అక్కడే ఉండేది," అంది వదిన నెమ్మదిగా.

అన్నయ్య లోపలికెళ్లి తనే టీ పెట్టుకొచ్చాడు. మట్టక్క గోడకు వీపు ఆనించి కూర్చుని, ఇంకో కప్పు పోయమంది.