ఏరోప్లేను ఎక్కిన దిష్టిచుక్క

మా బావ సుందరరాజులును ఊళ్ళో అందరూ ఏరోప్లేను నాయుడు అంటారు. ఆయన తన జన్మలో ఎక్కినవి ఎద్దులబండి, బస్సు, అద్దె వ్యాను, అంతే. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆయన మామిడిపండ్ల పిచ్చి గురించి చెప్పాలి. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు మా అక్క మీనాంబను చూడకముందే మా పెరట్లో చెట్టును చూసి, "ఇది ఏం రకం?" అని అడిగిన మనిషి. అక్క ఆ సంగతి మరిచిపోలేదు. నేను మరిచిపోనివ్వలేదు. మరదలిని, ఆ మాత్రం హక్కు నాకుంది.

పొదటూరుపేట దగ్గర ఆయనకు బంగినపల్లి తోట ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే పొద్దున చద్దన్నంలోకి పండు, మధ్యాహ్నం పప్పన్నంలోకి పండు, సాయంత్రం ఊరికే కూర్చున్నా చేతిలో పండే. ఏటా వీపు నిండా సెగగడ్డలు లేచేవి. బోర్లా పడుకుని మూలుగుతూనే చేయి చాపి ఇంకో పండు అడిగేవాడు.

అలాంటివాడు పండు మానేయడానికి కారణం తిరువళ్ళూరు మండీ దళారి తంగరాజు. ఎనభయ్యో సంవత్సరం వేసవిలో బావ బండెడు సరుకు తోలుకుపోతే, తంగరాజు ఒక పండును బొటనవేలితో నొక్కి చూసి, "జ్యూసుకు పోతాయి" అని పక్కనున్న నాసిరకం కుప్పలో పోయించాడు. బావకు తల కొట్టేసినట్టయింది. అటునుంచి అటే తిరుత్తణి కొండెక్కి స్వామి ఎదుట నిలబడ్డాడు.

"సామీ, నా తోట పండు ఏరోప్లేను ఎక్కి సింగపూరుకు పోవాల. పోయేదాకా నేను మామిడిపండు నోట్లో పెట్టుకోను."

తన నోటివెంట ఏం వచ్చిందో ఇల్లు చేరాక గాని ఆయనకు తెలిసిరాలేదు. అక్క అలవాటుగా విస్తట్లో పండు పెట్టింది. బావ దాన్ని చూసి గుటక మింగాడు.

"ఏమే, ఆవకాయ పండు కింద రాదు గదా?"

"రాదు."

"అయితే అది వెయ్యి."

మొగుడు ముట్టనిది అక్క కూడా ముట్టడం లేదని ఊరంతా చెప్పుకున్నారు. అత్తలు కోడళ్ళకు బుద్ధి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అక్కను చూపించేవారు. అక్క తల వంచుకుని ఊరుకునేది. ఎంత అణకువో అని ఇంకా మెచ్చుకునేవారు.

ఆ ఏడే బావ మద్రాసులో ఒక ఎగుమతి ఏజెంటును పట్టుకుని, పండ్లను వరిగడ్డిలో పొదిగి, శుభమని ఒక్కో పండుకు ఒక్కో ఆకు వదిలి, గంపలు మీనంబాక్కం విమానాశ్రయానికి చేర్చాడు. అక్కడ క్వారంటైన్ ఇన్‌స్పెక్టరు శివప్రకాశం అని ఒకాయన ఉండేవాడు. సరుకులో పురుగూ తెగులూ లేవని ఆయన సర్టిఫికెట్టు ఇస్తేనే అది విమానం ఎక్కేది. గడ్డి కూడదు, ఆకు కూడదు, మట్టి కూడదు అని ఆయన గంపలు వెనక్కి తిప్పేశాడు.

మరుసటి ఏడు అట్టపెట్టెలు, కాగితం పీలికలు వచ్చాయి. అక్క ఒక్కో పండునూ తడిగుడ్డతో తుడిచింది. తుడిచాక వాటి మెరుపు చూసి ఆమెకే భయం పట్టుకుంది. ఇంత అందమైనవి అంతమంది కళ్ళముందు పోతుంటే దిష్టి తగలదా? పెట్టెలకు కట్టిన తాడుకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి వేలాడదీసింది.

శివప్రకాశం పండ్లను తిప్పి తిప్పి చూశాడు. ఒక్క మచ్చ లేదు. చివరికి తాడుకున్న ఒక మిరపకాయను చీల్చాడు. లోపల కాపురముంటున్న పచ్చపురుగు తల బయటికి పెట్టి చూసింది.

"ఎన్నయ్యా ఇదు? సరుకులో పురుగుంది," అన్నాడు.

"అది సరుకు కాదు సార్, దిష్టికి కట్టింది!"

"పెట్టెలతోబాటు సింగపూరుకు పోతుందా, పోదా?"

"పోతుంది సార్."

"అప్పుడు సరుకే."

బావ కిటికీలోంచి బయటికి చూపించాడు. ఇన్‌స్పెక్టరుగారి స్కూటరు ముందు కూడా నిమ్మకాయా మిరపకాయలూ ఊగుతున్నాయి.

"మీరు మాత్రం కట్టుకోలేదా సార్?"

"నా స్కూటరు సింగపూరు పోలేదే!"

పెట్టెలన్నీ వెనక్కి వచ్చాయి. దారి పొడవునా ఆ పండ్ల వాసన తట్టుకోలేక బావ ముక్కుకు తువాలు కట్టుకుని కూర్చున్నాడు. దారిలో చూసినవాళ్ళు వ్యానులో ఏం కుళ్ళిందోనని పక్కకు తప్పుకున్నారు.

మూడో ఏడు కాయలు కోతకు రాకముందే ఇంట్లో పోట్లాట మొదలైంది.

"ఈసారి నిమ్మకాయ కట్టినావంటే మర్యాదగా ఉండదు," అన్నాడు బావ.

"దిష్టి తీయకుండా వాకిలి దాటనిస్తానా? పోయినసారి చూసినావు గదా, తగిలింది."

"దిష్టి యాడ తగిలింది? నువ్వు కట్టిన కాయే తగిలింది!"

అక్క రెండు రోజులు ఆలోచించింది. ఆకు కాకుండా, కాయ కాకుండా, మట్టి కాకుండా దిష్టికి పనికొచ్చేది ఇంట్లో ఒకటే ఉంది. కాటుక భరిణె తెచ్చి, ఒక్కో అట్టపెట్టె మూలన చంటిబిడ్డ బుగ్గన పెట్టినట్టు నల్లచుక్క పెట్టింది. ఆఖరి పెట్టె దగ్గరికి వచ్చేసరికి కాటుక అయిపోయింది. ఒక్కదానికి లేకపోతే ఏంలే అనుకుంది. బావ కూడా చుట్టూ తిరిగి చూసి, ఇందులో పురుగు దూరే సందు లేదని ఒప్పుకున్నాడు.

ఈసారి నన్నూ రమ్మన్నాడు. నేను ఎస్సెల్సీ పాసైనదాన్ని కాబట్టి ఆఫీసర్లతో ఇంగ్లీషులో మాట్లాడేస్తానని ఆయన నమ్మకం. తిరువళ్ళూరులో మా ఇంటి ముందు వ్యాను ఆపి, నేను చీర మార్చుకునేదాకా హారను కొడుతూనే ఉన్నాడు.

శివప్రకాశం పండ్లు చూశాడు, పీలికలు చూశాడు, తాడు చూశాడు. సర్టిఫికెట్టు మీద ముద్ర వేశాడు. బావ నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ తర్వాత కస్టమ్స్ బల్ల ఉందని మా ఇద్దరికీ తెలియదు.

ఆ బల్ల వెనక ఉన్న ఆఫీసరుకు ఎవరిని చూసినా అనుమానమే. "ఈ నల్లచుక్కలేంటి?" అని అడిగాడు. మేము నోరు తెరిచేలోపే ఆయన కన్ను ఆఖరి పెట్టె మీద పడింది.

"దీనికి మాత్రం ఎందుకు లేదు? అందులో ఏం దాచారు?"

"కాటుక అయిపోయింది సార్," అన్నాడు బావ.

"కాటుకా? అది కాగితాల్లో రాయలేదే!"

బావ నా వైపు చూశాడు. నేను కొంగు సర్దుకుని ముందుకు వచ్చాను. "సార్, బ్లాక్ డాట్... ఫర్ బాడ్ ఐస్..." అని ఆగిపోయాను. ఎస్సెల్సీలో దిష్టి మీద పాఠం లేదు. ఆఫీసరు తన కళ్ళనే అన్నాననుకుని కత్తి తెప్పించాడు.

చుక్క లేని పెట్టె తెరిచి, దోరపండు ఒకటి తీసి నిలువునా కోశాడు. టెంక తగిలింది. కత్తి టక్కుమనగానే ఆయన ముఖం వెలిగింది. టెంకను కూడా పగలగొట్టించాడు. అందులో జీడి ఉంది. షెడ్డంతా ఘుమఘుమలాడిపోయింది. బావ ముక్కుకు జానెడు దూరంలో రెండు చెక్కలూ తడితడిగా మెరుస్తున్నాయి. ఆయన గొంతు పైకీ కిందికీ ఆడుతుంటే నాకు నిజంగా జాలేసింది.

ఇంకో పండు తీయబోతుంటే శివప్రకాశం వచ్చాడు. "సార్, అది దిష్టిచుక్క. మా పాపకు రోజూ పెడతాం," అన్నాడు.

"పాపలకు పెడతారు, సరే. పెట్టెలకెందుకు?"

"మీరు చూసే చూపుకే సార్!" అన్నాడు బావ.

శివప్రకాశం పక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు గాని ముద్ర మాత్రం వేశాడు. కోసిన చెక్కలు తీసుకుపొమ్మన్నాడు.

విమానం లేచేదాకా కంచె పక్కనే నిలబడ్డాం. అది మబ్బుల్లో కలిశాక బావ రెండు చేతులూ ఎత్తి తిరుత్తణి వైపు దండం పెట్టాడు.

"మొక్కు తీరింది బావా, తిను," అన్నాను.

ఆయన ఆ చెక్కలను అరిటాకులో చుట్టి, వ్యానెక్కి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మీ అక్క మూడేండ్లుగా నా కోసం నోరు కట్టుకోని కూసోనుంది. ఆమెకంటే ముందు నేనెట్ల తినేది?"

నేను దారంతా కిటికీలోంచి బయటికే చూశాను. తిరువళ్ళూరు వచ్చినా దిగలేదు. జరగబోయేది చూడకుండా ఇంటికి వెళితే నాకు అన్నం సయించదు.

బావ అక్క ముందు పొట్లం విప్పాడు. అక్క చెక్కలను చూసింది, నన్ను చూసింది. నేను గోడమీది క్యాలెండరు చూస్తున్నాను.

"నువ్వు తిన్నావా మామా?"

"నువ్వు తినకుండానా?"

అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను తిన్నాను," అంది.

"ఎప్పుడు?"

"ఏటా."

"యాడ?"

"గడ్డివామి ఎనక. ఇదీ నేనూ." నన్ను కూడా ఇరికించాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బావ కేకలేస్తాడని చెప్పులు ఎక్కడున్నాయో చూసుకున్నాను. ఆయన కేకలేయలేదు. చేతిలోని చెక్కల రసం మోచేతిదాకా కారుతున్నా తుడుచుకోలేదు. అక్క దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఎట్లుండినాయే?"

నోట్లో పెట్టుకుని చూసుకునే వీల్లేకుండానే ఈ మనిషి మూడేళ్ళు తన పండు తరఫున పోట్లాడాడు. తంగరాజు మాట నిజమేమోనన్న భయం ఇన్నాళ్ళూ లోపల పెట్టుకునే తిరిగాడు.

"జ్యూసుకు పోయేవి కాదు మామా," అంది అక్క.

బావ అక్కడే గడప మీద కూర్చుని రెండు చెక్కలూ తనే తిన్నాడు. మాకు ఒక్క ముక్క కూడా పెట్టలేదు. అడిగే మొహం మాకూ లేదు.