నాలుక కింద మాత్ర

తొమ్మిదేళ్లు దాటింది దీన్ని మోయబట్టి. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. గుళ్లో నిలబడ్డప్పుడు కూడా ఇంకేదో కోరుకుని వచ్చేశాను. చెప్పాల్సిన మనిషి ఒకామె ఉండేది. ఆమె పోయింది. అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అదొక్కటే నాకు కాస్త ధైర్యం.

మాది రాజాం దగ్గర ఒక ఊరు. మా ఆయన మిల్లులో షిఫ్టు పని చేస్తాడు. పెళ్లయిన రెండో ఏడు నేను నెల తప్పాను. నేను నల్లగా ఉంటాను. ఈ మాట ఇంత తొందరగా ఎందుకంటే, జరిగిందంతా దీంతోనే మొదలైంది. చిన్నప్పటి నుంచి కాకిపిల్ల అని పిలిపించుకున్నాను. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లి మళ్లీ కబురు పెట్టకపోవడం మూడుసార్లు చూశాను. కడుపులో ఉన్నది ఆడపిల్లయితే దానికి నా రంగు రాకూడదు. అప్పట్లో నాకు అంతకన్నా పెద్ద కోరిక లేదు.

ఆశా కార్యకర్త ఎర్రటి ఐరన్ మాత్రలు ఇచ్చి వెళ్లింది. వాటిని మా అత్త తన దగ్గరే పెట్టుకుంది. రోజూ మధ్యాహ్నం నేను అన్నం తిన్నాక ఒక అరచేతిలో మాత్ర, ఇంకో చేతిలో గ్లాసుతో నీళ్లు పట్టుకుని వచ్చేది. ఆవిడ అడ్డపొగ తాగే మనిషి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని తాగడం మావైపు ఆ వయసు ఆడవాళ్లలో మామూలే. కడుపుతో ఉన్నవాళ్లకి ఆ పొగ మంచిది కాదని ఆశా చెప్పిన రోజే చుట్టల కట్ట పక్కింటామెకి ఇచ్చేసింది. నలభై ఏళ్ల అలవాటు. నాలుగు రోజులు తల పట్టుకుని కూర్చుంది, అంతే.

మొదటి వారం నేనూ మింగాను. కడుపులో తిప్పేది. విరేచనం నల్లగా అయ్యేది. సరిగ్గా అప్పుడే బొబ్బిలి నుంచి చూడ్డానికొచ్చిన మా పెద్దమ్మ, "ఆ మాత్రలేసుకుంటే పిల్ల నల్లగా పుడతాదే" అంది. నేను కళ్లారా చూసిన నలుపూ, ఆవిడ చెప్పిన నలుపూ ఒకటే అనుకున్నాను. నేను డిగ్రీలో బోటనీ, కెమిస్ట్రీ చదివినదాన్ని. రక్తానికి ఇనుము ఎందుకు కావాలో పరీక్షలో రెండు పేజీలు రాసినదాన్ని. మరి ఆ చదువంతా ఆ రోజు ఎక్కడికి పోయింది? భయపడ్డానని చెప్పుకుంటే సులువు. కానీ అది బిడ్డ గురించి భయమా, లేక నా ఒంటి మీద నాకున్న అసహ్యమా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోతున్నాను.

ఆ మర్నాటి నుంచి మాత్రని నాలుక కింద దాచేదాన్ని. పైనుంచి నీళ్లు తాగేదాన్ని. "మింగీసినావేటే?" అనేది అత్త. తలూపేదాన్ని. కాసేపాగి పెరట్లోకి వెళ్లి కనకాంబరం మొక్కల మొదట్లో ఉమ్మి, వేలితో మట్టిలోకి నొక్కేసేదాన్ని. ఆ ఏడు కనకాంబరాలు విరగబూశాయి. కడుపుతో ఉన్నదాని చెయ్యి తగిలి పూశాయని అత్త వీధంతా చెప్పుకుంది. మాల కట్టి నా జడలోనే పెట్టేది.

పిల్ల తెల్లగా పుట్టింది. బరువు తక్కువే, కానీ తెల్లగా ఉంది. చూసినవాళ్లు ఎవరి పోలికో అనుకుంటుంటే నాకు గర్వంగా ఉండేది. ఆరో నెల వచ్చాక పిల్లకి ఐరన్ మందు ఇచ్చారు. అది వేస్తే పాలపళ్లు నల్లబడతాయని విన్నాను. ఆ సీసా అత్త చేతికి ఇవ్వలేదు. నేనే వేస్తానన్నాను. వేయలేదు. గిన్నెలు తోమే చోట ఒంపేసేదాన్ని.

పదో నెలకి పిల్ల ఇంకా తెల్లబడింది. కూర్చోబెడితే ఒరిగిపోయేది. పెద్దగా ఏడ్చేది కూడా కాదు, బుద్ధిమంతురాలని మురిసిపోయాం. జ్వరమొస్తే శ్రీకాకుళం తీసుకెళ్లాం. పిల్లల డాక్టరు దాని కంటిరెప్ప కిందికి లాగి చూసి, "ఇది రంగు కాదమ్మా, ఒంట్లో రక్తం లేదు" అన్నాడు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రలు వేసుకున్నావా అని నన్ను అడిగాడు. జవాబు అత్త చెప్పింది. "నా సేత్తోనే ఇచ్చినాను బాబూ. ఒక్క రోజు తప్పనేదు." ఆయన నావైపు చూశాడు. తలూపాను. పిల్లకి మందు వేశావా అంటే మళ్లీ తలూపాను.

కాన్పయ్యాక ఏం పెట్టారని అడిగాడు. అత్త ఏమీ దాచలేదు. మా ఇళ్లలో బాలింతకి పెట్టే పత్యమే పెట్టానంది. మూడు నెలలు పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం. పప్పు లేదు, ఆకుకూర లేదు, గుడ్డు లేదు. డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు. ఆ కోపంలో తప్పు లేదు, ఆ పద్ధతి మంచిది కాదు. కానీ నేను ఆ తప్పు చాటున దాక్కున్నాను.

మందులతో పిల్లకి రక్తం పట్టింది. నడక మాత్రం రెండేళ్లు దాటాక వచ్చింది, మాటలు నాలుగేళ్లకి. ఇప్పుడు నాలుగో తరగతి. ఈరోజు నేర్చుకున్న అక్షరం రేపటికి ఉండదు. తర్వాత ఇంకో డాక్టరుని అడిగాను, దీనికంతటికీ రక్తం లేకపోవడమే కారణమా అని. అదీ ఒక కారణం కావచ్చు, ఖాయంగా చెప్పలేం అన్నారు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు బతుకుదామని చూశాను. కుదరలేదు.

మా ఆయన మాత్రం ఖాయం చేసేసుకున్నాడు. "నీ పత్యమే నా పిల్లని ఇలాగ సేసినాది" అని తల్లిని నిలదీశాడు. ఆ రోజు నుంచి ఆవిడ వడ్డిస్తే తినలేదు. ఆవిడ గదిలోకి వస్తే లేచి వెళ్లిపోయేవాడు. అత్త మెల్లగా పెరటి అరుగు మీదికి మారిపోయింది. మళ్లీ చుట్ట పట్టింది. కనకాంబరాలకేసి చూస్తూ పొద్దంతా అక్కడే కూర్చునేది. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. ఒక్క మాట చెబితే ఆవిడ లోపలికి వచ్చేస్తుంది. చెబితే ఆ అరుగు మీద కూర్చోవలసింది నేను. అందుకే చెప్పలేదు. ఇంకే కారణమూ లేదు.

పిల్లకి ఆరేళ్లప్పుడు అత్త మంచం పట్టింది. ఒకరోజు నేను ఆవిడ తల దువ్వుతుంటే అడిగింది.

"ఓలమ్మీ, నిజం సెప్పు. నా పత్యం వల్లేనేటే పిల్ల ఇలాగయిపోనాది?"

చిక్కు తీస్తూనే, "అయిపోనదానికి ఇప్పుడెందుకత్తా" అన్నాను.

"అవున్లే. నా మనసు కష్టపడతాదని సెప్పట్నేదు నువ్వు. మంచిదానివి."

ఆ వారంలోనే పోయింది. మా ఆయన కొరివి పెట్టి వచ్చాడు. ఏడవలేదు. నేను ఏడిస్తే, అత్తాకోడళ్లు ఎంత బాగుండేవారో అన్నారు జనం.

ఇప్పుడు బళ్లో వారానికోసారి పిల్లలకి ఐరన్ మాత్ర ఇస్తారు. మింగాక నోరు తెరిచి, నాలుక పైకెత్తి టీచరుకి చూపించాలి. నా కూతురికి అది బాగా అలవాటైపోయింది. సెలవుల్లో ఇంట్లో నేనిచ్చినా అడక్కుండానే చూపిస్తుంది. ఆ చిన్న నోట్లోకి చూడలేక గ్లాసు కడిగే వంకతో పక్కకి తిరిగిపోతాను. మా అత్త నన్ను ఒక్క రోజు కూడా నోరు తెరవమనలేదు. అడగాలన్న ఆలోచన కూడా ఆవిడకి రాలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. మా ఆయనకి చెప్పే ధైర్యం రేపటికి వస్తుందో, ఎప్పటికీ రాదో తెలియదు. ఆయన తల్లిని నేను ఆయనకి దూరం చేశాను, ఇక ఎలాగూ తెచ్చివ్వలేను. కానీ ఇది రాస్తుంటే, ఇన్నేళ్లలో మొదటిసారి ఊపిరి చివరిదాకా తీసుకోగలుగుతున్నాను. ఆ రోజు దువ్వెన పట్టుకుని చెప్పాల్సిన మాట ఇక్కడ చెప్పేస్తాను.

అత్తా, నువ్విచ్చిన మాత్రలు నాను మింగనేదు. కనకాంబరాల కింద కప్పెట్టీసినాను.