చేతివాటం గలవారు

ప్రెస్సులో కాగితాలు కత్తిరించే ఆయన్ని అందరూ కటింగ్ బాబాయ్ అనేవారు. అచ్చయి వచ్చిన షీట్ల కట్టను మిషను కింద సర్ది బ్లేడు దించితే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. మిషను మొరాయించిన రోజున స్కేలు అడ్డం పెట్టి చేతికత్తితోనే కానిచ్చేసేవాడు. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఒక్క కూతురు. ఆ పిల్ల తనని మంచివాడనుకుంటే చాలు, మిగతా లోకం ఏమనుకున్నా పోనిమ్మనే రకం. లోకం ఏమనుకుంటోందో అప్పటికింకా ఆయనకు తెలియదు లెండి.

దేశం ఏర్పడి యాభై ఏళ్లయిందని సర్కారువారు ఆ ప్రెస్సులోనే ఒక పెద్ద రంగుల దేశపటం వేయించారు. పాత రాజుల కాలంనాటి పటానికి నకలు. సముద్రంలో ఓడలు, తిమింగలాలు, నాలుగు మూలలా బుగ్గలు పూరించి గాలి ఊదే మొహాలు, అంచు పొడవునా దేశప్రజల బొమ్మలు. నదులూ కొండలూ ఎవడు చూస్తాడు? అందరి కళ్లూ బొమ్మల మీదే. రాజధానివాడి చేతిలో పుస్తకం. గోధుమనేలల ఆవిడ చంకలో ధాన్యపు కంకులు. రేవు వర్తకుడికి బొజ్జ, తక్కెడ. కొండవాడి వీపున మూట. ఏటివాడు మాత్రం ఒంగి, వెనక్కి చూస్తూ, చేతిలో కత్తితో నిలబడి ఉంటాడు. మొదట దాన్ని గీసిన మహానుభావుడు జన్మలో ఏటి మొహం చూశాడో లేదో! ఒకడు గీశాడు, ఇంకొకడు చూసి దించాడు, ఆఖరికి అదే చరిత్రయి కూర్చుంది.

బాబాయ్ ఏటివాళ్ల మనిషే. ఆయన తాతలు పడవలు నడిపారు. బొమ్మలకు మొహాలు వెతుక్కుంటున్న ఆర్టిస్టు కంట ఆయన పడ్డాడు.

"బాబాయ్, కాస్త ఇలా నిలబడు. నీ కత్తి పట్టుకో. వంగు. వెనక్కి చూడు. నవ్వకు."

"వెనక్కెందుకు సార్ చూడ్డం?"

"పాతదాంట్లో అలాగే ఉంది."

బొమ్మ కింద ఒక ముక్క రాసి ఉంది: ఏటివారు, చేతివాటం గలవారు. బాబాయ్ కూడబలుక్కుని చదివాడు. ప్రెస్సులో చేతివాటం అంటే పనితనం. ఫలానావాడి చేతివాటం బాగుందంటే వాడి కోత చక్కగా ఉందని. "మా పనితనం గురించే కదా సార్?" అని అడిగితే ఆర్టిస్టు కుంచె కడుక్కుంటూ, "అదీ ఒక అర్థమే బాబాయ్" అన్నాడు. బాబాయ్‌కి ఏనుగెక్కినంత సంబరం. ఆ పటం ప్రతి కాపీ అంచూ ఆయనే కత్తిరించాడు. ఒక్క బొమ్మ కాలిగోరు కూడా తెగకుండా కత్తిరించాడు.

పటం బడులకు వెళ్లింది, పోస్టాఫీసులకు వెళ్లింది, పోలీసు స్టేషన్లకూ కోర్టులకూ వెళ్లింది. బడిలో టీచరు బెత్తం ఆ బొమ్మ మీద ఆన్చగానే కూతురు లేచి నిలబడి, "అది మా నాన్న టీచర్" అంది, గర్వంగా. చేతివాటమంటే ఏమిటో టీచరు విడమరిచి చెప్పింది. ఆ రోజు నుంచి క్లాసులో పెన్సిలు పోతే ముందు ఆ పిల్ల సంచీయే వెతికేవారు.

"మా నాన్న దొంగ కాదని చెప్పాను. ఎవరూ వినలేదు" అంది ఇంటికొచ్చి.

బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఆర్టిస్టు దగ్గరికి పరిగెత్తాడు. "ఇప్పుడేం చేయను బాబాయ్, దేశమంతా గోడలకెక్కేసింది" అన్నాడాయన. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఇంకో పటం గీస్తాడు.

ఆ పిల్ల ఎదిగి బట్టల దుకాణంలో కుట్టుపనికి కుదిరింది. నాన్న దొంగ కాదని బడిలో అన్న మాట మీదే ఆమె నిలబడి ఉంది కాబట్టి బాబాయ్‌కి రోజులు గడిచిపోయాయి. అలాంటి రోజుల్లో పోస్టాఫీసు గుమాస్తా ఇంట్లో దొంగలు పడ్డారు. చీకట్లో గోడ దూకుతున్న మనిషి మొహం ఆయన క్షణంపాటు చూశాడట. ఆ వారంలోనే బాబాయ్ ప్రెస్సు పార్సిళ్లు పట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డాడు. గుమాస్తా ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఈ మొహం తనకు బాగా తెలుసు. ఎక్కడో చూశాడు. ఎక్కడ? ఇంకెక్కడ, తన గోడ మీదే! పోలీసులు వచ్చారు.

గుమాస్తా అబద్ధాలకోరు కాదు. అదే అసలు దౌర్భాగ్యం. కోర్టులో కూతురు లేచింది.

"అయ్యా, ఆయన మా నాన్నని చూసింది పటంలో. రోజూ ఆయన కుర్చీకి ఎదురుగా ఉంటుంది."

ఆ కోర్టు గోడకూ అదే పటం ఉంది. జడ్జి గుమాస్తాని దాన్ని చూడమన్నాడు. గుమాస్తా కళ్లజోడు సవరించుకుని దగ్గరికెళ్లి చూశాడు.

"ఆ, వీడేనండి. ఇదే మొహం" అన్నాడు, పెద్ద బరువు దిగినట్టు.

కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది. బాబాయ్ లోపలే ఉన్నాడు. దుకాణంలో కూతుర్ని గల్లాపెట్టె వైపు వెళ్లనివ్వడం మానేశారు. ఒకనాడు వకీలు జైలుకొచ్చి మెల్లగా చెప్పాడు.

"ఒప్పుకుంటే తొందరగా బయటపడతావు. లేదంటే ఎన్నేళ్లో నేను చెప్పలేను. ఆ పిల్ల ఒక్కతే ఎన్నాళ్లని ఉంటుంది?"

బాబాయ్ గుండె రాయి చేసుకుని సంతకం పెట్టాడు. కూతురు చూడ్డానికొచ్చినప్పుడల్లా జవాను పక్కనే నిలబడేవాడు. నిజం చెబితే ఒప్పుకోలు వెనక్కి తీసుకున్నట్టవుతుందని వకీలు భయపెట్టాడేమో, ఎందుకు సంతకం పెట్టాడో ఆయన ఆమెకు చెప్పలేదు. ఇంటికెళ్లాక చెప్పుకోవచ్చులే అనుకున్నాడు.

విడుదలైన రోజు ఆమె పని మానేసి ఇంట్లోనే ఉంది. నీళ్లు కాచిపెట్టింది. ఉతికిన చొక్కా తీసిచ్చింది. పీట వేసి వడ్డించింది. ఆయన ఎలా మొదలుపెట్టాలా అని మొదటి ముద్ద కలుపుతూ ఉండగా ఆమె ఎదురుగా కూర్చుని, ఎన్నాళ్లనుంచో దాచుకున్న మాటలా అంది.

"నువ్వు తీసినా నాకేం బాధ లేదు నాన్నా. కోర్టులో నేను అలా అరిచాను గానీ, తర్వాత ఆలోచించుకున్నాను. నాకోసమే చేసుంటావు."

నిందగా అనలేదు. ఎంతో ప్రేమగా అంది. లోకమంతా కలిసి చేయలేని పని ఆ ప్రేమ చేసేసింది. అడిగి ఉంటే లేదని చెప్పేవాడు. ఆమె అడగనే లేదు. క్షమించేసి, ఆ క్షమించడానికి ఎన్ని రోజులు ఏడ్చిందో ఏమో, ఇప్పుడు తేలికపడి కూర్చుంది. ఆయన ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

"అవునమ్మా, నీకోసమే" అన్నాడు.

ఆమె గిన్నె దగ్గరికి లాక్కుని ఇంకొంచెం కూర వడ్డించింది.