పొడుగోళ్ల మేస్త్రీ అహరోను

అహరోను నిలబడితే ఐదడుగులకు వేలెడు తక్కువ. ముఖాన నవ్వు కనబడటం అరుదు. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. బండి తెచ్చినవాణ్ని కూర్చోమనేవాడు కాదు. ఒకసారి బండి చుట్టూ తిరిగి, "గిట్ల పాడు జేసినోడెవడు?" అనేవాడు. పాడు చేసినవాడు సాధారణంగా ఆ ఎదుట నిలబడ్డవాడే అయ్యేవాడు. అతని నోటికి జడిసి కొందరు రావడం మానేశారు. చేతిని నమ్మినవాళ్లు మాత్రం తిట్లు తింటూనే వచ్చేవారు.

అరవయ్యారులో చర్చి సంఘంవాళ్లు సువార్తికుడు సత్యానందం గారికి తిరగడానికి ఒక పాత బండి ఇచ్చారు. ఆయన ఆరడుగుల మూడంగుళాల మనిషి. బండెక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకునేవి. గుమ్మడిదల దారిలో మలుపు తిరగలేక రెండుసార్లు జొన్నచేలోకి దిగాడు. ఆదివారం ప్రసంగం చెబుతూ మధ్యమధ్యలో నడుం పట్టుకుని ఆగిపోయేవాడు. నెల రోజులు చూసి చూసి అహరోను ఒకనాడు ఆరాధన అయ్యాక ఎదురెళ్లాడు.

"అయ్యగారు, నొప్పి మీ నడుముల లేదు. బండిల ఉన్నది. రేపు తెచ్చి పెట్టున్రి."

సత్యానందాన్ని బండి మీద కూర్చోబెట్టి, మోకాలు ఎక్కడ తగులుతోందో ట్యాంకు మీద సుద్దముక్కతో గీత గీశాడు. హ్యాండిల్ కింద ఇనుప దిమ్మెలు పెట్టి పైకి లేపాడు. లేపాక క్లచ్ వైరు చాలలేదు, బ్రేకు వైరూ చాలలేదు. పొడుగువి చేయించాడు. సీటు విప్పి కొబ్బరి పీచు దట్టించి రెండంగుళాలు ఎత్తు చేశాడు. పాదాలు ఆనించే ఫుట్‌రెస్టును పట్టీ వేసి అంగుళమున్నర కిందికి, కాస్త వెనక్కి జరిపాడు. అప్పుడు గేరు రాడ్డు కాలికి అందలేదు, దాన్నీ వంచాడు. ఒకటి మారిస్తే నాలుగు మార్చాలని ఆ మూడు రోజుల్లో అతనికి తెలిసొచ్చింది. నాలుగోనాడు సత్యానందం నిటారుగా కూర్చుని గుమ్మడిదల దాకా వెళ్లి వచ్చాడు.

అక్కణ్నుంచి పొడుగువాళ్లు రావడం మొదలైంది. కానిస్టేబుళ్లు వచ్చారు. కొత్త ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన పంజాబీ ఫోర్‌మన్లు వచ్చారు. పొడుగోళ్ల మేస్త్రీ అంటే చాలు, రోడ్డు మీద ఎవరైనా షెడ్డు చూపించేవారు. ఎదుటివాళ్ల ముఖం చూడాలంటే తల పైకెత్తాల్సిన మనిషికి ఆ పేరేమీ సంతోషం కలిగించలేదు.

డెబ్బయ్యొకటిలో సూర్యారావు వచ్చాడు. ఒక ఇనుప ఫ్యాక్టరీలో లారీలు, బండ్ల మీద సూపర్‌వైజరు. తాటిచెట్టంత మనిషి. అతని తాత దగ్గర అహరోను తండ్రి పన్నెండేళ్లు పాలేరుగా జీతమున్నాడు. ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సొస్తే చెప్పులు చేత పట్టుకుని పోయేవాడు. షెడ్డున్న జాగా కూడా సూర్యారావు మేనమామదే.

"ఏమైంది సారు?" అన్నాడు అహరోను. అతను ఆ ప్రశ్న అడగడమే వింత.

"దొర అననీకె నోరు రాదారా?"

"షెడ్డుకొచ్చినోళ్లందరు నాకు సార్లే."

సూర్యారావు పళ్లు కొరికాడు కానీ బండెక్కి కూర్చున్నాడు. అహరోను సుద్దముక్క తీసుకుని మోకాలు పట్టి చూడబోతే, కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ముట్టకు. కంటితోని సూసి చెయ్యి."

అహరోను సుద్దముక్కను ట్యాంకు మీద పెట్టి దూరం జరిగాడు. "అయితె గీత మీరే గియ్యున్రి."

టీ కొట్టు దగ్గరివాళ్లు చూస్తూండగా సూర్యారావు వంగి తన మోకాలికి తానే గీత గీసుకున్నాడు. ఆ కోపం ఫుట్‌రెస్టు మీదికి మళ్లింది. మూడంగుళాలు దించమన్నాడు.

"ఇంచున్నర మించితె మలుపుల రోడ్డుకు తగుల్తది. తగిలితె చక్రం లేస్తది."

"నా కాళ్ల సంగతి నీకేం దెలుసు, పొట్టోడా."

"కాళ్లు మీయి సారు. రోడ్డు మీది గాదు."

అంగుళమున్నరే దించి ఇచ్చాడు. ఒప్పుకోకపోతే తీసుకుపొమ్మన్నాడు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేకుండా చేశాడు. ప్రతి బోల్టూ రెండుసార్లు బిగించాడు. మనిషి మీది పగ బండి మీద చూపిస్తే అది తన చేతికి మచ్చ అనుకున్నాడు.

నెల తిరక్కుండా సూర్యారావు ఫ్యాక్టరీ వెల్డరు బాలప్ప చేత మరో అంగుళమున్నర కిందికి అతికించుకున్నాడు. కంది ఊరు దాటాక మలుపులో బండి వాల్చగానే ఫుట్‌రెస్టు రోడ్డును గీరింది. వెనక చక్రం లేచి బండి ఎగిరిపడింది. కుడి మోకాలి చిప్ప పగిలింది. నాలుగు నెలలు మంచం దిగలేదు.

దిగిన మరునాడే కర్ర పట్టుకుని, ఇద్దరు మనుషులను వెంటేసుకుని షెడ్డుకొచ్చాడు. వాళ్లు పానాలు, సుత్తెలు, నూనె డబ్బాలు ఎత్తి రోడ్డు మీదికి విసిరారు. జనం పోగయ్యారు. అహరోను లేవలేదు.

"కావాలని జేసిండు వీడు. నా కాలు తీసిండు" అన్నాడు సూర్యారావు జనంతో.

"బండి తెప్పియ్యున్రి" అన్నాడు అహరోను. "బండి సూడకుంట నేను మాట్లాడ."

మేనమామ ఇంటి వెనక పడి ఉన్న బండిని ఎడ్ల బండి మీద తెచ్చారు. అహరోను దాని పక్కన గొంతుక్కూర్చుని వేలితో చూపించాడు.

"గిది నేనేసిన పట్టీ. రెండు బోల్టులు. బర్మాతోని చేత్తో పొడిసిన బెజ్జాలు. దీని కింద అతికిన ముక్క సూడున్రి. అది కరెంటు వెల్డింగు. నా షెడ్డుకు కరెంటే లేదు. స్తంభం రోడ్డు అవతల్నే ఆగింది."

జనమంతా తలలెత్తి చూశారు. రేకుల మీద ఆకాశం తప్ప తీగ లేదు. గుంపు వెనక బాలప్ప తల దించుకుని నిలబడి ఉన్నాడు. అహరోను అతణ్ని చూశాడు.

"చేసినోడు ఈడ్నే ఉన్నడు, చేయమన్నోడు ఈడ్నే ఉన్నడు. నేను పేరు జెప్ప."

ఎవరో కిసుక్కున నవ్వారు. సూర్యారావు ముఖం నల్లబడింది. "ఎవడు అతికినా, మొదలువెట్టింది నువ్వు" అని వెళ్లిపోయాడు. విసిరేసిన సామాన్లు అహరోను ఒక్కడే ఏరుకున్నాడు. సాయం చేయబోయిన బాలప్ప చేతిలోంచి పానా గుంజుకున్నాడు.

నెలలోపే జాగా ఖాళీ చేయమని మేనమామ కబురంపాడు. అహరోను బతిమాలలేదు. తన రేకులు తానే విప్పుకుని సంగారెడ్డి చేరాడు. కొత్త ఊళ్లో పని దొరకడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ భార్య దయావతి కలుపు కూలికి పోయి ఇల్లు నడిపింది. అతను ఆ సంగతి ఒక్కనాడూ మాట్లాడలేదు, మరిచిపోనూ లేదు.

డెబ్బయ్యైదులో సత్యానందం సంగారెడ్డి వచ్చాడు. సూర్యారావు కుడి మోకాలు వంగడం లేదట. వంగని కాలికి బండి కుదర్చడం పట్నంలో ముగ్గురు మేస్త్రీల వల్ల కాలేదట. చేసి పెడతావేమో అడగమన్నాడట.

"ఆయన నోటితోని నీ పేరు వచ్చింది అహరోనూ. క్షమించమని గదా మనం సదివేది."

"క్షమించిన అయ్యగారు. పొద్దుగాల ప్రార్థనల సుత క్షమించిన. బండి మాత్రం ముట్ట."

గడప దగ్గర బియ్యం చెరుగుతున్న దయావతి తలెత్తింది. "క్షమించినోని మొకం గట్లుంటదా?"

"పుట్టినకాన్నుంచి నా మొకం గిట్లనే ఉన్నది."

సత్యానందం చాయ తాగి, తొమ్మిదేళ్ల కింద అహరోను కుదిర్చిన బండి మీదే నిటారుగా కూర్చుని వెళ్లిపోయాడు.

సూర్యారావు బండి అమ్మేసి బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం సంగారెడ్డి బస్టాండులో అహరోను అతణ్ని చూశాడు. తలుపు పక్క సీట్లో కూర్చుని, కర్రలా బిగిసిన కాలు దారికి అడ్డంగా చాపి ఉన్నాడు. ఎక్కేవాళ్లు దాన్ని తొక్కుతూ, తిట్టుకుంటూ పోతున్నారు. కాలు ముడుచుకొమ్మని కండక్టరు గదమాయించాడు. సూర్యారావు తల బయటికి తిప్పాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఒకరూ తల ఊపలేదు.

అహరోనుకు తృప్తిగానే అనిపించింది. కానీ చూపు ఆ కాలి మీదికే పోయింది. కుడి ఫుట్‌రెస్టు ఏడంగుళాలు ముందుకు, బ్రేకు ఎడమ చేతికి, సీటు ఒక పక్క పల్లం. బస్సు కదిలేలోపే లెక్క మొత్తం తేలిపోయింది. ఆ లెక్క అతను ఎవరికీ చెప్పలేదు.