నేను తాగని బీడీలు

నా జన్మలో నేను ఒక్క బీడీ కూడా తాగలేదు. దవాఖాన ఫైలులో మాత్రం నా పేరు కింద "స్మోకర్, రోజుకు ఒక కట్ట, ఇరవై ఏళ్లు" అని రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం మూలంగా, ఇంట్లో పెట్టుకోవాల్సిన ఆక్సిజన్ మిషన్ నాకు ఏడు నెలల పాటు ఇవ్వలేదు.

ఇప్పుడు నేనెవరో చెబుతాను. నా పేరు ఓదెలు. ఉండేది గోదావరిఖనిలో. బొగ్గుబాయిలో, భూమి కింద, ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మొదట బొగ్గు నింపాను, తర్వాత డ్రిల్లు పట్టాను. బడికి పోయింది మూడో తరగతి వరకే. మిగిలిన చదువంతా యూనియన్ ఆఫీసులో పాత పేపర్లు తిరగేసి నేర్చుకున్నదే. ఇంగ్లీషును కూడబలుక్కుని చదవగలను. ఆ మాత్రం రాకపోయి ఉంటే నా మీద ఏం రాశారో తెలియకుండానే పోయేవాణ్ని.

నాకు తేడా తెలిసింది ఒక చలికాలపు పొద్దున. స్నానానికి కూర్చోకుండా నిలబడే నీళ్లు పోసుకునే అలవాటు నాది. రెండో చెంబు తల మీదికి ఎత్తాను. చెయ్యి పైకి పోయింది, ఊపిరి మాత్రం లోపలికి రాలేదు. నోరు తెరిచాను, గాలి గొంతు దగ్గరే ఆగింది. కేక వేద్దామంటే మాట లేదు. చెంబుతో బకెట్టును కొట్టడం మొదలుపెట్టాను.

"ఏందయ్యా, పొద్దుపొద్దున దరువేస్తున్నవ్?" అని బయట నుంచి నా భార్య సమ్మక్క నవ్వింది.

దరువు ఆగకపోయేసరికి తలుపు తోసుకుని వచ్చింది. నన్ను చూసి ఆమె ముఖం మారిపోయింది. గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నేను కప్పలా నోరు తెరిచి ఉన్నాను. కాసేపటికి ఊపిరి తిరిగింది. భయం తిరిగి పోలేదు. అప్పటి నుంచి స్నానమంటేనే గుండె దడ.

దవాఖానలో ఎక్స్-రే తీశారు. తర్వాత పీఎఫ్‌టీ అని ఒక పరీక్ష. ముక్కుకు క్లిప్పు పెట్టి గొట్టంలోకి ఊదమంటారు. "ఊదు తాతా, ఊదు, ఊదు, ఆపకు, ఇంకా ఊదు!" అని టెక్నీషియన్ కబడ్డీ ఆటలో అరిచినట్టు అరిచాడు. మూడుసార్లు ఊదేసరికి కళ్లు చీకట్లు కమ్మాయి. డాక్టరు కాగితం చూసి, "సీఓపీడీ, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు" అన్నాడు.

"ఎన్ని రోజులకు తగ్గుతది సార్?"

"తగ్గదు. పెరగకుండా చూసుకోవాలి. ఇన్హేలర్ ఆపొద్దు."

అంతకు ముందు ఏ జబ్బు చేసినా తగ్గేది, లేకపోతే మనిషిని తీసుకుపోయేది. తగ్గకుండా, చంపకుండా కూడా ఉండే జబ్బు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత నా లోకం చిన్నదవుతూ వచ్చింది. మొదట కూరగాయల మార్కెట్టు పోయింది. తర్వాత వీధి చివరి చాయ్ హోటల్ పోయింది. దారి మధ్యలో ఆగి నిలబడితే "ఏందన్నా, దమ్మొస్తుందా?" అని అడుగుతారని సిగ్గు. అందుకే జేబులోని ఫోను తీసి చూస్తున్నట్టు నటించేవాణ్ని. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. వరుసలో ప్లేటు పట్టుకుని నిలబడలేనని చెప్పుకోలేక, ఆకలి లేదని చెప్పేవాణ్ని. ఊపిరి అందనివాడికి కోపం మాత్రం బాగా అందుతుంది. అదంతా సమ్మక్క మీద పడేది. ఉప్పు తక్కువైతే కోపం, ఆమె పక్కింటికి పోతే కోపం. ఒంటరిగా ఉన్నప్పుడు ఊపిరి ఆగితే ఎట్లా అన్న భయమే ఆ కోపమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో జ్వరం, కఫం. ఒక్క రోజులోనే ఊపిరి ఆగే స్థితికి వచ్చింది. ఐసీయూలో బైపాప్ అని ముఖానికి మాస్కు బిగించారు. మిషను గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంటే, బాయిలో పైకప్పు కూలి నా మీద పడుతున్నట్టే అనిపించింది. మాస్కు పీకబోతే నర్సు చేతులు పట్టుకుంది. ఆరు రోజులకు బయటపడ్డాను. మణికట్టు దగ్గర లోతుగా సూది గుచ్చి ఏబీజీ అని రక్తపరీక్ష చేశారు. కొన్ని వారాలకు మళ్లీ చేశారు.

"శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, ఎనభై నాలుగు శాతం దగ్గరే ఉంటోంది. రోజుకు కనీసం పదిహేను గంటలు ఆక్సిజన్ కావాలి. లేకపోతే గుండె మీద పడుతుంది" అన్నాడు డాక్టరు.

ఆ దవాఖానలో ఇటువంటి రోగులకు ఇంటికి మిషన్ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఫారం నింపి ఇచ్చాము. పది రోజులకు తిరిగి వచ్చింది. "యాక్టివ్ స్మోకర్. ఇవ్వరాదు."

ఆ నియమాన్ని నేను తప్పు పట్టను. ఆక్సిజన్ పక్కన అగ్గిపుల్ల గీస్తే ఇల్లు అంటుకుంటుంది. బాయిలోకి దిగే ముందు ప్రతి షిఫ్టుకూ మా జేబులు తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు తీసుకునేవాళ్లు. నిప్పు ఎక్కడ ఉండకూడదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నియమం సరైనదే. దాని కింద నిలబెట్టాల్సిన మనిషిని మాత్రం నేను కాదు.

ఆఫీసులో గుమాస్తాకు చెప్పాను. అతను తల ఎత్తకుండానే, "అందరు గిట్లనే అంటరు తాతా. బందు చేసి ఆర్నెల్లయినంక రా" అన్నాడు.

"మొదలువెట్టనోడు బందెట్ల చేస్తడు?"

"గదంత నాకు తెల్వది. ఫైల్ల ఉన్నది."

అర్జీ రాశాను. జవాబు లేదు. రెండోది రాశాను. బీడీ వాసన ఉందేమోనని ఒక నర్సు నా వేళ్లు పట్టుకుని చూసింది. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, నా మనవరాలంత పిల్ల వాసన చూస్తుంటే తల దించుకుని కూర్చున్నాను. నెలలు గడిచాయి. పెదవులు నీలంగా మారాయి. మంచం మీద పడుకోలేక కుర్చీలో ముందుకు వాలి కునికేవాణ్ని. కాళ్లు వాచాయి.

ఒక మధ్యాహ్నం సమ్మక్క నా కాళ్లకు నూనె రాస్తూ, చూపు కలపకుండా అడిగింది.

"నాకు తెల్వకుండ బాయిల గిట్ల తాగినవానయ్యా? తాగితె తాగినవ్, చెప్పరాదూ."

నలభై ఏళ్లు నా బట్టలు ఉతికిన మనిషి అడిగిన మాట అది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆటో ఎక్కి దవాఖానకు పోయాను. "నన్ను స్మోకర్ అని ఎవడు రాసిండో ఆ కాగితం చూపియ్యండి. చూపిచ్చే దాక ఈడికెల్లి లేవ" అని రికార్డు గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటూనే అరిచాను. గొడవ ఎందుకనుకున్నారేమో, ఫైలు తెచ్చి అడుగున ఉన్న కాగితం తీసి నా చేతిలో పెట్టారు.

అది దవాఖానవాళ్లు రాసింది కాదు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు జరిగిన మెడికల్ పరీక్ష కాగితం. రిటైరైనప్పుడు ఇచ్చిన కట్టలో ఉంది. ఆ కట్టను మొదటి రోజు దవాఖానకు నేనే తెచ్చి ఇచ్చాను, వాళ్లు దాన్ని చూసే నన్ను స్మోకర్ అని రాసుకున్నారు. ఊరందరి కాగితాలు చదివిపెట్టే నేను, నా కట్టను విప్పి చూడలేదు. అందులో ఇంగ్లీషులో "దగ్గు ఉంది. కారణం బీడీ. రోజుకు ఒక కట్ట, ఇరవై ఏళ్లు" అని ఉంది. కింద సంతకం నాది. అప్పుడే కొత్తగా నేర్చుకున్న సంతకం, ఓదెలులో చివరి లకు కొమ్ము పెద్దగా పెట్టి.

అంతా గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో మెడికల్ పరీక్ష అంటే మాకు వణుకు. ఊపిరితిత్తుల్లో దుమ్ము ఉందని తేలితే భూమి కింది పని నుంచి తీసి పైన ఊడ్చే పనికి వేస్తారని అనుకునేవాళ్లం. జీతం తగ్గుతుంది. అంతకంటే, "ఓదెలు పని అయిపోయింది" అంటారు. అందుకని మా చేత పని చేయించే సర్దారు వరుసలో నిలబెట్టి అందరికీ పాఠం చెప్పాడు.

"దగ్గెందుకని అడిగితె బీడీ అనుండ్రి. దుమ్ము అన్నోడు మీదికి పోతడు. బీడీ అన్నోన్ని డాక్టరు తిట్టి ఇడిసిపెడతడు."

నా దగ్గర బీడీ వాసనే లేదు కదా అంటే, నా వెనక నిలబడ్డ ఖాజా భాయ్ ఒక బీడీ నలిపి ఆ పొడిని నా వేళ్లకు రాశాడు. "తీస్కో, ముఫత్‌ల ఇరవై ఏండ్ల అలవాటు" అని నవ్వాడు. అందరం నవ్వాము. డాక్టరు తిట్టాడు, వదిలేశాడు. ఆ తర్వాత పద్నాలుగేళ్లు అదే దుమ్ములో డ్రిల్లు పట్టాను.

ఇంటికి వచ్చి సమ్మక్కకు చెప్పాను.

"తాగినవని గాదయ్యా నా బాధ. గా దినం దుమ్మని చెప్తె, మీదికి పంపితె, ఇయ్యాల గిట్ల కూసోకపోదువు" అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

తెల్లారి ఆటో ఎక్కి ఖాజా భాయ్ ఇంటికి పోయాను.

అప్పటికి పాత డాక్టరు బదిలీ అయి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఖాజా భాయ్‌ని వెంట తీసుకుని పోయాను. అతనూ నాలాగే దగ్గుతాడు, కానీ అతను నిజంగానే తాగాడు. కుర్చీలో కూర్చోకముందే, "మేడమ్, ఈయన పాపం నా మీద ఉన్నది. ఓదెలు తాగలే. వాసన నేను రాసిన" అన్నాడు. ఆమె మొదట నవ్వింది. కాగితం చూసిన తర్వాత నవ్వలేదు.

"ఓదెలు గారూ, రోజులో అన్నిటికంటే మీకు కష్టమైన పని ఏది?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. స్టెతస్కోపు పెట్టారు, సూదులు గుచ్చారు, ఎలా బతుకుతున్నావని అడగలేదు. "తానం" అన్నాను. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని చేయమంది. తలకు నీళ్లు వంచుకోవడానికి చెయ్యి ఎత్తకుండా, తలనే వంచమంది. ఊపిరి ఆడనప్పుడు ఈల వేసేటట్టు పెదవులు ముడిచి మెల్లగా వదలమని చేయించి చూపించింది. తర్వాత ఒక చిన్న మిషన్లోకి ఊదించింది. బీడీ తాగేవాళ్ల ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ ఉంటుందట. నాది తాగనివాళ్ల లెక్కలోనే వచ్చింది.

"ఇప్పుడు తాగట్లేదని ఇది చెబుతోంది. అప్పుడు తాగలేదని మాత్రం మీరే రాసివ్వాలి. మీ సంతకాన్ని మీ సంతకమే మార్చాలి."

బయటికి రాగానే ఖాజా భాయ్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "సోచాయించు భాయ్, జర ఆలోచన చెయ్. అబద్ధం చెప్పిన అని రాసిస్తున్నవ్. రేపు పెన్షన్ ఆపితె? రాతల దొరికితె పోతం."

ఆ భయం నాకూ ఉంది. ఆ కాగితం ముందు మూడు రోజులు కూర్చున్నాను. రాస్తే పెన్షన్ ఏమవుతుందో తెలియదు. రాయకపోతే గుండె ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది. మూడో రోజు సమ్మక్క పెన్ను తెచ్చి నా ముందు పెట్టి, "గప్పుడు భయపడే కదా గట్ల చెప్పినవ్" అని వంటింట్లోకి పోయింది. రాశాను. సర్దారు పేరు రాయలేదు, ఖాజా పేరు రాయలేదు. చెప్పింది నేను కాబట్టి నా పేరే రాశాను. పెన్షన్ ఆగలేదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మిషన్ మంచం పక్కన ఉంది. గొట్టం అరుగు దాకా వస్తుంది. పదిహేను గంటలు ముక్కుకు ఉంటుంది, మిగిలిన గంటల్లో చాయ్ హోటల్ దాకా పోయి వస్తాను. దారిలో మూడుసార్లు ఆగుతాను. ఫోను తీయడం మానేశాను. ఎవరైనా అడిగితే "దమ్మొస్తుంది, జరసేపాగు" అంటాను. వాళ్లు ఆగుతారు. జబ్బు తగ్గలేదు, తగ్గదు. సమ్మక్క మీద కోపం పూర్తిగా పోయిందని కూడా చెప్పను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మీ ఫైలులో ఏం రాసి ఉందో మీరు చదవండి, రాకపోతే చదివించుకోండి. తప్పు కనబడితే ఆ రోజే చెప్పండి, ఆ తప్పు చేసింది మీరే అయినా సరే.

దవాఖాన నుంచి నాకు వచ్చిన జవాబు ఇది:

"శ్రీ ఓదెలు గారికి. మీ అర్జీ అందినది. రికార్డులో ఒకసారి నమోదైన విషయమును కొట్టివేయుటకు వీలు లేదు. కావున పాత నమోదు క్రింద మీ మాటలను మీరు వ్రాసినట్లే చేర్చడమైనది: 'నా దగ్గు బీడీది కాదు, బొగ్గు దుమ్ముది. పని పోతుందని భయపడి అబద్ధం చెప్పాను.' ఇకపై ఈ ఫైలు చూచు ప్రతి డాక్టరు రెండునూ చదువగలరు. ఆక్సిజన్ మిషన్ మంజూరు చేయడమైనది. వచ్చునపుడు ఆధార్ కార్డు జిరాక్సు, ఒక ఫొటో తీసుకురాగలరు." దాని కింద డాక్టరమ్మ పెన్నుతో రాసింది: "అప్పట్లో మీలాగే బీడీ అని చెప్పినవాళ్లు ఇంకెవరైనా ఉంటే, వాళ్లనూ వెంట తీసుకురండి."