మూడు కార్లు, ఒక టోకెను

సైకిలు కూడా సరిగ్గా తొక్కలేని నేను ఒకప్పుడు కార్ల గురించి కారుకూతలు కూశాను. ఎనభైల్లో, టాటానగర్ స్టేషను వెయిటింగు రూములో, ఒకే కంపెనీ కొత్తగా తెచ్చిన మూడు మోడళ్ల రంగుల కాగితం విప్పి, పక్కన కూర్చున్న పెద్దాయనకు పాఠం మొదలుపెట్టాను. చిన్న కారుకు పెట్రోలు పొదుపు, జీపుకు గుంతలు లెక్కలేదు, సంసారికి మాత్రం వ్యానే మేలు.

“మరి తవరికేటుంది బాబూ?” అన్నాడాయన.

“వ్యానే. బయటుంది,” అన్నాను నోరు ఊరుకోక.

ఆయన ముఖం వెలిగింది. “మా ఇంటిదానికి ఆపరేషనయింది బాబూ. రిక్షా కుదుపులకి కుట్లు లాగేత్తాయని బయపడతంది. సిద్ధగోరాలో మా ఇంటికాడ దింపేత్తారా?”

గోడకానుకున్న ఆవిడ ఆశగా చూసింది. నేను గాభరాగా కాగితం జేబులో కుక్కబోతే, అందులోంచి సైకిల్ స్టాండు ఇత్తడి టోకెను ఖంగుమని కిందపడింది. ఆయన దాన్ని ఏరి, పంచెకు తుడిచి, నా చేతిలో పెట్టాడు.

“జాగర్త బాబూ, ఇది పోతే సైకిలివ్వరు.”

భార్యను పొదివి పట్టుకుని రిక్షా దగ్గరికి నడిపించాడు.

అంత మర్యాదస్తుడి మీద పగ ఎలా పడతాను? ఇంటికెళ్లి సైకిల్ చైను మడ్డిని ఆ రంగుల కాగితంతో తుడిచాను, ముందుగా వ్యాను బొమ్మతో.