పెద్దన్నకు సెలవు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గొప్పకి చెప్పడం కాదు. యూసుఫ్‌గూడలో మేముంటున్న వాటాలో ఇదివరకు ఒకాయన ఉరేసుకున్నాడని పక్కింటివాళ్లు చెప్తే, అందుకా అద్దె తక్కువ అనుకుని సంతోషంగా చేరినదాన్ని. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నన్ను నిద్రలేపినవి దోమలే. అలాంటిదాన్ని, పోయిన దసరాకి పట్టపగలు, పదిమంది మధ్య జరిగింది చెప్తున్నాను.

నేను ఫిల్మ్ నగర్‌లో ఒక గ్రాఫిక్స్ ఆఫీసులో వంట చేస్తాను. సినిమాల్లో మంటలు, వరదలు, కోటలు కంప్యూటర్లలో తయారుచేసే చోటు. నేను చదివింది మూడో తరగతి వరకే. కానీ ఒకసారి విన్నది మర్చిపోను.

ఆ ఆఫీసులో అద్దాల తలుపున్న చల్లటి గది ఒకటుంది. లోపల బీరువాల్లాంటి వాటిలో సర్వర్లు. ఆఫీసులో పనిచేసే పిల్లలు బయట కూర్చుని గీసిన బొమ్మల్ని తెర మీదకి వండి వార్చేది ఆ మిషన్లే. వాటిని మూర్తి గారు చూసుకునేవారు. ఆయనది తణుకు, మాది పాలకొల్లు. ఒకే జిల్లా వాళ్లమన్న అభిమానంతో, భోజనానికి వచ్చినప్పుడు నాకు ఆ గది సంగతులన్నీ చెప్పేవారు.

ఒక్కో మిషన్ దగ్గరికీ వెళ్లి నువ్వు ఇలా పనిచెయ్యి అని చెప్పక్కర్లేదట. మాస్టర్ అని ఒకటుంటుంది. సెట్టింగులన్నీ దాంట్లో పెడతారు. మిగతావన్నీ కాసేపటికోసారి మాస్టర్‌ని అడిగి, అది చెప్పినట్టు నడుచుకుంటాయి. ఎవరైనా మధ్యలో ఒక మిషన్‌ని మార్చినా, మళ్లీ అడిగే వేళకి అది మాస్టర్ మాటకే వచ్చేస్తుంది. అయితే అత్తగారి మాట మీద కోడళ్లంతా నడిచే ఇల్లన్నమాట అన్నాను. మూర్తి గారు నవ్వి, "ఇక్కడ కోడళ్లు ఎదురు చెప్పరమ్మా, అదే తేడా" అన్నారు.

ఆయనకి ఒక పట్టింపు ఉండేది. వాళ్ల నాన్నగారు వడ్రంగి. ఆయుధ పూజ రోజున ఉలికీ బాడిసెకీ బొట్టు పెట్టాక, ఆ పూట ఇక వాటిని ముట్టుకునేవారు కాదట. సర్వర్లన్నీ ఆపితే సినిమా వాళ్లు ఊరుకోరు కదా. అందుకని అన్నిటి తరఫునా ఒక్కదానికి సెలవిచ్చేవారు. ఆఫీసు పెట్టినప్పుడు మొదట కొన్న మిషన్ అది. పెద్దన్న అనేవారు దాన్ని. ఆ రోజు పెద్దన్నకి పని ఇవ్వొద్దని మాస్టర్‌లో ఒక సెట్టింగు పెట్టారు.

పండగ తేదీ ఏటా మారుతుంది కాబట్టి, ముందుగా వంటింటి గుమ్మంలో నిలబడి, "రమణమ్మా, మన పూజ ఎప్పుడో చూడమ్మా" అని అడిగేవారు. నేను గోడ మీద క్యాలెండర్ చూసి చెప్పేదాన్ని. వెళ్లి ఆ సెట్టింగులో ఆ తేదీ వేసుకునేవారు.

పోయిన దసరాకి ముందు చలికాలంలో మూర్తి గారు గుండెపోటుతో పోయారు. కొత్త ఏటి క్యాలెండర్ అప్పటికింకా గోడెక్కనే లేదు.

ఆయన స్థానంలో శ్రీలత వచ్చింది. సిద్దిపేట పిల్ల. తండ్రి నడుం దెబ్బతిని ఆటో నడపడం మానేశాడు, ఇల్లంతా ఈ పిల్ల మీదే. పని చూసి దసరా తర్వాత ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు మేనేజర్ ప్రసాద్ గారు. పాత సెట్టింగులు సర్దుతుంటే ఈ సెలవు సంగతి ఆమెకి కనపడింది. పండగ వెంటనే సినిమా విడుదల ఉంది, తీసెయ్యమన్నారు ప్రసాద్ గారు. తీసేసింది. అన్నం తింటూ నాతోనే చెప్పి, ఏమనుకోకు అక్కా అంది.

పూజ రోజు గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టారు. మిషన్లకి బొట్లు పెట్టి, హారతిచ్చి, మళ్లీ పని మొదలుపెట్టారు. అన్నీ అందుకున్నాయి. పెద్దన్న ఒక్కటీ ఖాళీగా నిలబడింది.

శ్రీలత దానికి చేత్తో పని ఇచ్చింది. అది కాసేపు చేసి ఆపేసింది. మాస్టర్ తెరిచి చూస్తే, తీసేసిన సెట్టింగు అక్కడే ఉంది. మళ్లీ తీసేసింది. మళ్లీ వచ్చింది. పులిహోర ఇద్దామని వెళ్లినదాన్ని, ఆ పిల్ల మొహం చూసి అక్కడే ఆగిపోయాను.

ప్రసాద్ గారికి కోపం వచ్చింది. మాస్టర్‌ని ఎవరు మార్చినా అందులో వాళ్ల పేరు పడుతుందట. చూస్తే తీసేసినట్టు శ్రీలత పేరుంది, పెట్టినట్టు ఎవరి పేరూ లేదు. "మాస్టర్ తాళాలు నీ దగ్గరే కదా ఉన్నాయి. పేరు పడకుండా చేసేవాళ్లు ఇంకెవరున్నారు?" అన్నారు. విడుదల ముందు ఇలాంటి ఆటలాడేవాళ్లు నాకు అక్కర్లేదు అని కూడా అన్నారు. ఫోన్లోంచి కూడా మాస్టర్‌లోకి వెళ్లొచ్చని, ఆమె ఫోను తీసుకుని తన బల్ల మీద పెట్టుకుని, ఆమెని గది బయటికి పంపేశారు.

వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది. "నేను ముట్టలే అక్కా. ఇంట్ల ఏం చెప్పాలె?" అంది. పూజలో కొట్టిన కొబ్బరి చెక్కలు ముందు పెట్టి, కోరమన్నాను. కళ్లు తుడుచుకుంటూ కోరింది. ఆమె చేతులు నా కళ్ల ముందే ఉన్నాయి. అందుకే ఆ పిల్ల ముట్టలేదని గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఆలోగా బంజారా హిల్స్ నుంచి ఇంకో ఆఫీసులో ఇదే పని చేసే పెద్దాయన్ని పిలిపించారు. తను తప్ప ఎవరూ మాస్టర్‌లోకి రాకుండా చేసి, ఆయన ఆ సెట్టింగు తీసేశాడు. పెద్దన్న పని అందుకుంది. హమ్మయ్య అనుకుని ప్లేట్లు చేతుల్లోకి తీసుకున్నారు. తినడం పూర్తికాకముందే ఆగిపోయింది. సెట్టింగు మళ్లీ వచ్చి కూర్చుంది.

ఎక్కడో సెట్టింగుల పాత కాపీ ఒకటుండి దీన్ని వెనక్కి తెస్తోందని ఆ పెద్దాయన అన్నాడు. గోల విని శ్రీలత, నేనూ వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాం. ఆ పిల్ల తెర వంక చూసి, మెల్లిగా అంది.

"పాత కాపీ అయితే పోయినేడు తేదీ ఉండాలె గద సార్. గిది ఇయ్యాల్టి తేదీ."

ప్రసాద్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "వదిలేయండి. దానికి ఇవాళ సెలవే" అన్నారు. తర్వాత బల్ల మీది ఫోను తీసి శ్రీలత చేతిలో పెట్టి, "ప్రసాదం తిన్నావా అమ్మా?" అని అడిగారు.

మర్నాడు పొద్దున పెద్దన్న తనంతట తనే పని అందుకుంది. సినిమా సమయానికే వెళ్లింది. శ్రీలతకి ఉద్యోగం ఖాయమైంది. ఆ పెద్దాయన తర్వాత కూడా వచ్చి వెతికాడు. ఏ కాపీ దొరకలేదు, తేదీ వేసిందెవరో తేలలేదు.

అప్పుడు వాళ్లెవరికీ చెప్పని సంగతి ఒకటుంది. దసరా నెల క్యాలెండర్ కాగితం తిప్పినప్పుడు, ఎప్పటి అలవాటో, గుమ్మం వైపు చూసి, "మూర్తి గారూ, ఈసారి మన పూజ బుధవారం వచ్చిందండీ" అన్నాను. గుమ్మంలో ఎవరూ లేరు. నేనూ, పొయ్యి మీద పప్పూ. నా మాటకి నాకే నవ్వొచ్చి, తాలింపు వేసుకున్నాను.

దయ్యాలని ఇప్పటికీ నమ్మను.

ఈ ఏడు శ్రీలతే గుమ్మంలోకి వచ్చి, మన పూజ ఎప్పుడక్కా అని అడిగింది. క్యాలెండర్ చూసి చెప్పాను. ఎందుకైనా మంచిదని, కాస్త గట్టిగానే చెప్పాను.